దొరకు ఒక్క వచనం

చంపాపేట్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని పోతే కర్మన్‌ఘాట్, ఇబ్రహీంపట్నం, మాల్ దాటాక దేవరకొండ దారి తగులుతుంది. ఇటు నగరం వైపు నాలుగైదు కిలోమీటర్లు వస్తే మలక్‌పేట. దేవరకొండ, మలక్‌పేట ఒకప్పుడు ఒకే క్రైస్తవ మిషన్‌కు కేంద్రాలు. రష్యా నుంచి వచ్చిన మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టాడు. 1899లో అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ళు హైదరాబాద్ చేరి మలక్‌పేటలో కాంపౌండు కట్టుకున్నారు. తర్వాత నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, మహబూబ్‌నగర్, శంషాబాద్‌లకు పాకారు. వాళ్ళ మాట విని చర్చిలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవాళ్ళు. అంటే వెట్టి చేసేవాళ్ళు.

నిజాం కాలపు వెట్టి ఎలా ఉండేదో పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో కులం వారీగా రాశారు. దళితవాడలో ఇంటికొక మనిషి దొర గడీకో, పటేల్ పట్వారీల ఇళ్ళకో చాకిరీకి పోవాలి. ఊరి కబురు పోలీస్ ఠాణాకు కాలినడకన మోసుకుపోవాలి. మాదిగలు చెప్పులు కుట్టి, మోట కొట్టడానికి కావలసిన తోలు సామాను చేసి ఊరికే ఇవ్వాలి. కూలి అడగడమనే మాటే లేదు. అప్పు తీరేదాకా ఒకే ఇంట్లో జీతం ఉండే బగేలా పద్ధతి దీనికి తోడు. ఆ అప్పు తండ్రి పోయాక కొడుకు మీదికి వచ్చేది.

అలాంటి మనుషులు బైబిల్ తెరిస్తే పనివాడికీ యజమానికీ ఏం కనిపిస్తుంది? పౌలు ఎఫెసు వాళ్ళకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో దాసులకు నాలుగు వచనాలున్నాయి: భయభక్తులతో పనిచెయ్యి, చూస్తున్నప్పుడే కాదు, చూడనప్పుడూ చెయ్యి. యజమానులకు ఒకే ఒక్క వచనం: బెదిరించడం మాను, నీకూ వాడికీ పైన ఉన్న ప్రభువు ఒక్కడే. కొలొస్సయి పత్రికలోనూ అదే లెక్క, నాలుగుకు ఒకటి. పేతురు మొదటి పత్రిక కఠినుడైన యజమానికి కూడా లోబడమని దాసుడికి చెప్పి, యజమానికి ఏమీ చెప్పకుండానే ముందుకు పోతుంది.

ఈ తూకం ఎవరికి ఎలా పనికొచ్చిందో లోకానికి తెలుసు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసం ప్రత్యేకంగా ఒక బైబిల్ అచ్చువేశారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు చెర నుంచి బయటపడ్డ కథ అందులోంచి తీసేశారు. దాసులు లోబడాలన్న మాట మాత్రం ఉంచారు.

తెలుగు నేల మీద అలా కోతలు పెట్టలేదు. మొత్తం పుస్తకం జనం చేతికొచ్చింది. పారిపోయిన ఒనేసిమును దాసుడిగా కాక సహోదరుడిగా చేర్చుకోమని పౌలు ఫిలేమోనుకు రాసిన చిన్న ఉత్తరమూ అందులో ఉంది. కోత కోసిన కూలీల జీతం బిగబట్టుకుంటే ఆ జీతమే దేవుడికి మొరపెడుతుందని యాకోబు చేసిన హెచ్చరికా ఉంది. అయితే చిక్కు మరోచోట వచ్చింది. ప్రార్థనకు కూర్చున్నవాళ్ళంతా పనివాళ్ళే. యజమానికి రాసిన ఆ ఒక్క వచనం వినాల్సిన దొర గుడిలో లేడు.

అయినా మార్పు మొదలైంది. ఎలాగో తెలియాలంటే ఒంగోలు దాకా పోవాలి. 1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు జాన్ ఎవరెట్ క్లౌను, తోలు వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య వెతుక్కుంటూ వచ్చి బాప్తిస్మం పుచ్చుకున్నాడు. కొత్తగా చేరిన మాదిగలకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వీటిలో కూలి మాట లేదు, భూమి మాట లేదు. పైకి చూస్తే అంతా భక్తి సంగతే.

ఊళ్ళో మాత్రం ఆ మూడూ వెట్టి మెడ మీదనే పడ్డాయి. చచ్చిన గొడ్డు మాదిగకు ఊరిచ్చిన ‘హక్కు’. దానికి బదులు అతను రైతుకు చెప్పులు, తోలు సామాను ఇవ్వాలి. మొక్కులు మానితే అమ్మవారి జాతరలో డప్పు కొట్టేవాడుండడు. ఇక ఆదివారం. పిలిచినప్పుడల్లా రావలసిన మనిషి ఏడింట ఒకరోజు రానన్నాడు. పైరు కోతకొచ్చి ఉన్నా రానన్నాడు. కరణం, మునసబు ఊరుకుంటారా? బావి నీళ్ళు బందు, అంగట్లో సరుకు బందు. కళ్ళం దగ్గర కొలిచే మేర గింజలకూ ఎసరొచ్చింది. అన్నిటికీ ఓర్చుకుని ఆ జనం ఆదివారం నిలబెట్టుకున్నారు. లోబడమన్న నాలుగు వచనాలూ విన్నవాళ్ళే, యజమాని అధికారానికి ఒక హద్దు గీశారు. తెలుగు దళితుల చరిత్రలో ఈ సెలవు దినానికి దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

1876-78 కరువులో క్లౌ తానే యజమాని అయ్యాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని రాజుపాలెం దగ్గర గుడిసెలు వేయించాడు. బోధకులే పైమేస్త్రీలు. పగలు మట్టి పని చేయించి, తీరిక దొరికినప్పుడు అలసినవాళ్ళకు విశ్రాంతినిస్తానన్న యేసు మాట చెప్పేవాళ్ళు. జనం బాప్తిస్మం అడిగినా కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. తిండి కోసం ఎవరూ మతంలోకి రాకూడదనేది ఆయన పట్టుదల. కూలి ఇచ్చేవాడికి పనివాడి మనసు మీద హక్కు లేదని యజమానే ఒప్పుకోవడం ఆ రోజుల్లో అరుదు. సాయం ముగిశాక 1878 జులై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

దొరల వైపు నుంచి కదలిక రావడానికి ఇంకా కాలం పట్టింది. 1891లో పోప్ పదమూడో లియో పనివాళ్ళ బాధ్యతలతో పాటు యజమానుల బాధ్యతలనూ లోకం ముందు పెట్టాడు. 1912లో అజరయ్య దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడాయన. తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆయన అధ్యక్ష మండలంలో రైతు కులాలవాళ్ళు కొందరు చర్చిలో చేరారు. తమ పొలాల్లో పనిచేసే మాల మాదిగల బతుకు మారడం కళ్ళారా చూసి వచ్చారని అజరయ్య చెప్పేవారు. అలా ఆ ఒక్క వచనానికి కొందరు శ్రోతలు దొరికారు.

చట్టాలు ఆలస్యంగా నడిచాయి. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం వెట్టి మీద గొంతెత్తింది. 1936లో నిజాం ప్రభుత్వం బగేలా ఒప్పందాల మీద నిబంధన తెచ్చింది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976 చట్టం వెట్టి అప్పులన్నిటినీ రద్దు చేసింది.

ఇవాళ సాగర్ రోడ్డు మీదుగా నల్లగొండ పల్లెల మనుషులు నగరానికి వచ్చి అపార్ట్‌మెంట్లలో పనికి కుదురుతున్నారు. అంట్లకింత, ఇల్లు తుడవడానికింత, బట్టలకింత అని నెలకు లెక్క. ఆదివారమే చుట్టాలొస్తారు, ఆదివారమే అంట్లు ఎక్కువ పడతాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. ఇంటిపనివాళ్ళకు వారానికి వరసగా 24 గంటల విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

ఒకప్పటి సంగతి వేరు. ఇప్పుడు చర్చిలో కూర్చునేవాళ్ళలో పనివాళ్ళూ ఉన్నారు, పనిమనిషిని పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. తాత ఆదివారం కోసం దెబ్బలు తిన్న ఇంట్లో మనవరాలు ఇవాళ యజమానురాలు కావచ్చు. అలాంటి ఇళ్ళవాళ్ళకు ఒక మనవి. చట్టం వచ్చేదాకా ఆగకండి. మీ ఇంట్లో పనిచేసే మనిషికి జీతంలో కోత లేకుండా వారానికో రోజు సెలవివ్వండి, ఒకటో తారీఖున ఇవ్వాల్సిన జీతం ఒకటో తారీఖునే ఇవ్వండి.