పట్టికలో లేని నొప్పి

మా చిన్నమ్మది జనగామ దగ్గరి పల్లె. ముప్పై ఏళ్లు నిండకముందే ఆమెకు గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ తర్వాత నడుము పట్టేసి నాట్లకు వంగలేకపోయింది. అండాశయాలు చిన్న వయసులో తీసేస్తే ఎముకలు బలహీనపడతాయని వైద్యశాస్త్రమే చెబుతుంది. ఇంట్లో మాత్రం దాన్నెవరూ గాయం అనలేదు. "పెద్దాపరేషన్" అన్నారంతే.

భూపాలపల్లి వైపు ఒక జిన్నింగు మిల్లులో మా మేనమామ బొటనవేలు తెగినప్పుడు మాటలకు కొదవ లేదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం పట్టికలో అప్పటికి బొటనవేలికి 30, చూపుడువేలికి 14, మధ్యవేలికి 12 శాతం సంపాదనశక్తి నష్టమని రాసి ఉంది. మామ గాయం చిన్నదని అనడం లేదు. ఆయన నష్టానికి లెక్కకొచ్చే మాట ఒకటి దొరికింది. ఆయన చెల్లెలికి దొరకలేదు.

ఈ తేడా కొత్తది కాదు. 1860 నాటి శిక్షాస్మృతి 320వ సెక్షన్ "తీవ్రమైన గాయం" ఎనిమిది రకాలంది. మొదటిది పురుషత్వ నష్టం. 2023లో వచ్చిన న్యాయ సంహిత 116వ సెక్షన్‌లోనూ అదే మొదటిది. స్త్రీకే ఉండే అవయవం పేరు ఆ ఎనిమిదిలో ఒక్కటీ లేదు.

"వికల" అంటే ఒక భాగం లోపించినదని అర్థం. కానీ వికలాంగులనగానే మన కళ్లు కాళ్లూ చేతులే వెతుకుతాయి. శరీరంలో లోపం వేరు, దానివల్ల పని చేయలేకపోవడం వేరు, సమాజంలో వెనకబడిపోవడం వేరని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లోనే విడదీసింది. చిన్నమ్మకు మూడూ ఉన్నాయి. మన చట్టం 1995లో 7 రకాల వైకల్యాలను, 2016లో 21 రకాలను గుర్తించింది. ఆమెది రెంటిలోనూ లేదు.

అప్పట్లో వరంగల్ జిల్లాలోనే ఉన్న ఈ ఊళ్లు 2016లో వేరు జిల్లాలయ్యాయి. ఆ తర్వాత, చిన్నమ్మ మహబూబాబాద్‌లో కూతురి దగ్గర ఉన్నప్పుడు, ఒక శిబిరానికి తీసుకెళ్లాను. చాలా ప్రయోజనాలకు సర్టిఫికెట్‌లో 40 శాతం ఉండాలి. డాక్టరు నడవమన్నాడు. నడిచింది. ఆయన తప్పు లేదు, కాగితంలోనే ఆ గడి లేదు.

బయటికొచ్చాక అడిగింది: "కాలు ఇరిగితే కుంటిదంటరు. కడుపులకెల్లి తీస్తే ఏమంటరు బిడ్డా?"

ఏళ్లుగా మాటల గురించి రాస్తున్న నా దగ్గర జవాబు లేదు. "నడుములు పడిపోయినయి", "సత్తువ పోయింది" అని మన ఆడవాళ్లు అంటూనే ఉన్నారు. వాటిని సణుగుడని వదిలేశాం. గాయాల చరిత్ర రాయాలంటే ముందు ఆ మాటలు రాసుకోవాలి.