26 తుపాకులు, 2500 తూటాలు

మా హాస్టల్ పిల్లలు ఏటా అల్లూరి నాటకం వేస్తారు. అట్టతో చేసిన తుపాకీని ఒక్కొక్కడూ పది నిమిషాలు ఆగకుండా పేలుస్తాడు. పోయినసారి రిహార్సల్లో అడిగాను, "ఒరే, ఇన్ని తూటాలు నీకెక్కడివిరా?" అని. నవ్వారు. కానీ 1922లో మన్యంలో అందరి బుర్రలో తిరిగిన ప్రశ్న అదే.

అంతకుముందు మనవాళ్ళ దగ్గర తుపాకులు లేవని కాదు. వేటకు వాడే నాటు తుపాకులుండేవి. గొట్టం మూతి నుంచి మందు పోసి, కడ్డీతో దట్టించి, గుళ్ళు వేసి, మళ్ళీ దట్టించాలి. ఒకసారి పేల్చాక ఇదంతా మొదటికి. వానలో మందు తడిసిందా, చేతిలో మిగిలేది కర్రే. పైగా 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు లేని తుపాకీ నేరమైపోయింది. తెల్లదొరలకు మాత్రం ఆ చట్టంలో మినహాయింపు!

పోలీసుల తుపాకీ వేరు. మందు, గుండు, నిప్పు రాజేసే టోపీ అన్నీ ఒకే ఇత్తడి గొట్టంలో ఉండే తూటాను వెనక నుంచి పెట్టి పేల్చడమే. అందుకే సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర, వారి వెంట వందలమంది ముందు పోలీసు స్టేషన్ల మీదికే వెళ్ళారు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. చింతపల్లిలో 11 తుపాకులు, 1390 తూటాలు దొరికాయి. తర్వాతి రెండు చోట్ల 7, 8 తుపాకులు. తీసుకున్నవాటి లెక్క స్టేషను రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారు. దొంగలు అలా చేస్తారా?

మొత్తం 26 తుపాకులు, సుమారు 2500 తూటాలు. భాగించి చూడండి, తుపాకీకి వంద కూడా రావు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. నాటు తుపాకీకి కొండమీదే ఏదో ఒకటి సర్దుకోవచ్చు. ఇత్తడి తూటా ఖాళీ అయితే మళ్ళీ నింపడానికి ఆ టోపీలు కావాలి, అవి ఫ్యాక్టరీ నుంచి రావాలి. కాబట్టి ప్రతి గుండూ చూసి వాడాలి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో మన దేశపు పోలీసులను ముందుకు పోనిచ్చి, వెనక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు దొరలనే కొట్టారు. మనవాళ్ళను చంపకూడదన్నది రాజుగారి నియమం. తూటాల పొదుపూ అందులో కలిసి వచ్చిందని నా అభిప్రాయం.

ప్రభుత్వానికీ విషయం అర్థమైంది. అక్టోబరు 15న అడ్డతీగల స్టేషనుకు వెళ్ళేసరికి ఆయుధాలు అక్కడ లేవు, ముందే తరలించేశారు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర మలబారు పోలీసులతో ఎదురుపడినప్పుడు మనవాళ్ళు పలువురు చనిపోయారు, కొన్ని తుపాకులూ పోయాయి. ఆ తర్వాత అస్సాం రైఫిల్స్‌ను కూడా దించారు. వాళ్ళకు తూటాల కొరత లేదు. అయినా పోరాటం 1924 మే దాకా సాగిందంటే దాచిపెట్టిన ఇళ్ళు, తిండి పెట్టిన చేతులు, దారి చెప్పిన పిల్లలు ఎందరో ఆలోచించండి. వాళ్ళలో చాలామంది పేర్లు మనకు తెలియవు. మీ ఊళ్ళో తాతలు, అవ్వలు ఉంటే ఈ సెలవుల్లోనే అడిగి రాసుకోండి.

మే 7న రాజుగారిని కాల్చి చంపారు. నెల తిరిగేసరికి గంటందొర కూడా పోయారు. అప్పటికే పట్టుబడిన మల్లుదొరకు ఉరిశిక్ష వేసి, దాన్ని యావజ్జీవంగా మార్చి అండమాన్ పంపారు. 1952లో ఆయన విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.