జేమీ పీకాక్

జేమీ పీకాక్ (జననం: 1977 డిసెంబరు 14, లీడ్స్) ఇంగ్లండ్‌కు చెందిన రగ్బీ లీగ్ మాజీ క్రీడాకారుడు. ఫార్వర్డ్‌గా మొదట సెకండ్ రోలో, తర్వాత ప్రాప్ స్థానంలో ఆడాడు.

రగ్బీ లీగ్‌లో జట్టుకు 13 మంది. పని మానుకుని ఆడే కార్మికులకు ఆనాటి కూలి చెల్లించాలా వద్దా అన్న వివాదంలో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై విడిపోగా పుట్టిన ఆట ఇది. ఇందులో ప్రాప్‌ది మోత పని. బంతిని పొట్టకు అదుముకుని, అడ్డొచ్చిన ముగ్గురు నలుగురి మీదికి దూసుకెళ్లాలి. వాళ్లు పడేస్తే లేచి, బంతిని కాలితో వెనక్కి జరపాలి. బంతి చేజారితే వెంటనే రక్షణ వరుసలో నిలబడాలి. ఈ శ్రమ స్కోరుబోర్డుకు ఎక్కదు. పీకాక్ దీన్ని 80 నిమిషాలూ అలుపెరగకుండా చేయగలిగిన అరుదైన ఆటగాడు.

1999లో బ్రాడ్‌ఫర్డ్ బుల్స్ తరఫున, ఈ ఆటలో అగ్రశ్రేణి పోటీ అయిన సూపర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. 2003లో ఆ జట్టు నాకౌట్ పోటీ చాలెంజ్ కప్, లీగ్ అగ్రస్థానం, లీగ్ విజేతను తేల్చే గ్రాండ్ ఫైనల్ మూడూ గెలిచింది. ఆ ఏడాది ఉత్తమ ఆటగాడికిచ్చే మ్యాన్ ఆఫ్ స్టీల్ పురస్కారం అతనికే దక్కింది. 2005 గ్రాండ్ ఫైనల్లో బ్రాడ్‌ఫర్డ్ 15–6తో లీడ్స్‌ను ఓడించింది. మరుసటి ఏడాదే అతడు సొంత ఊరి జట్టు లీడ్స్ రైనోస్‌లో చేరాడు. అక్కడ 2007, 2008, 2009, 2011, 2012లలో టైటిళ్లు వచ్చాయి.

2006 నవంబరులో అతని సారథ్యంలో గ్రేట్ బ్రిటన్ సిడ్నీలో ఆస్ట్రేలియాను 23–12తో ఓడించింది. ఆ నగరంలో బ్రిటన్‌కు 18 ఏళ్ల తర్వాత దక్కిన గెలుపు అది. 2008 ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌కు నాయకత్వం వహించాడు. 2012లో ఎంబీఈ గౌరవం పొందాడు.

2015 అతని జీవితంలో మేటి సంవత్సరం. ఆగస్టులో చాలెంజ్ కప్ ఫైనల్లో లీడ్స్ 50–0తో హల్ కేఆర్‌ను చిత్తు చేసింది. సెప్టెంబరులో హడర్స్‌ఫీల్డ్‌లో స్కోరు సమంగా ఉండగా, ముగింపు హూటర్ మోగాక సహచరుడు ర్యాన్ హాల్ చేసిన ట్రైతో 20–16గా గెలిచి లీగ్ అగ్రస్థానం దక్కించుకుంది. అక్టోబరు 10న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జరిగిన గ్రాండ్ ఫైనల్లో విగన్‌పై 22–20తో నెగ్గి మూడో ట్రోఫీ అందుకుంది. సహచరులు కెవిన్ సిన్‌ఫీల్డ్, కైలీ లూలువాయ్‌లతో పాటు పీకాక్‌కూ లీడ్స్ జెర్సీలో అదే చివరి మ్యాచ్. అప్పటికి అతని వయసు 37.

హల్ కేఆర్‌లో నిర్వాహక బాధ్యత తీసుకున్న అతడు 2016లో జట్టు కష్టాల్లో పడగా మళ్లీ మైదానంలోకి దిగి కొన్ని మ్యాచ్‌లు ఆడాడు. ఆ జట్టు మాత్రం సూపర్ లీగ్ నుంచి దిగిపోయింది.

పీకాక్ 11 గ్రాండ్ ఫైనల్స్ ఆడి 9 గెలిచాడు. సూపర్ లీగ్ చరిత్రలో ఇన్ని గ్రాండ్ ఫైనల్స్ గెలిచిన ఆటగాడు మరొకరు లేరు.