పోపు గుమ్మం దాకా వెళ్లిన జర్మన్ రహస్యం

గుండ్లకమ్మ వెంట క్రైస్తవం అంటే ముందు గుర్తొచ్చేది అమెరికన్ బాప్టిస్టులే. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర ఈ ఏట్లోనే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. కంభం, మార్కాపురం మిషన్లూ వాళ్లవే. అందుకే రోము సంగతులు మన వైపు తక్కువ తెలుసు. పోపు మతగురువే కాదు, 1929 నుంచి వాటికన్ అనే బుల్లి దేశానికి అధినేత కూడా. బ్రిటన్ రాయబారి ఆయన కొలువులో ఉండేవాడు. హిట్లర్ గూఢచార సంస్థ అధిపతికి అక్కరకొచ్చింది ఆ సంగతే.

అడ్మిరల్ కానరిస్ 1935 నుంచి సైనిక గూఢచార సంస్థ అబ్వేర్‌కు అధిపతి. పోలండ్‌లో నాజీల హత్యాకాండ ఆయనకు మింగుడుపడలేదు. ఆయన అండతోనే కింది అధికారి ఓస్టర్ హిట్లర్‌ను కూలదోసే పన్నాగం నడిపాడు. 1939 చివర్లో జోసెఫ్ ముల్లర్ అనే మ్యూనిక్ కేథలిక్ వకీలును రోముకు పంపారు. ఆయన కలిసింది ఇద్దరు గురువులను: ఒకరు మోన్సిన్యోర్ కాస్, రెండోవారు పోపుకు ఆంతరంగికుడైన జెస్యూట్ ఫాదర్ లైబర్. అప్పటి పోపు పన్నెండో పయస్ ఒకప్పుడు మ్యూనిక్‌లో పోపు రాయబారి. జర్మన్ల తీరు ఆయనకు కొత్త కాదు. హిట్లర్‌ను దించితే గౌరవంగా సంధి చేసుకుంటారా అన్న ప్రశ్నను బ్రిటన్ రాయబారి ఆజ్‌బర్న్ చెవిన వేయడానికి ఒప్పుకున్నారు. మతపెద్ద అంతటి సాహసానికి దిగడం అరుదు.

లండన్ పూర్తిగా నమ్మలేదు. జర్మన్ జనరల్స్ కదల్లేదు. 1940 మే మొదట్లో, బెల్జియం, హాలండ్‌ల మీద దాడి తప్పదని ముల్లర్ కబురు తెచ్చాడు. దాడి తేదీ అప్పటికే ఎన్నోసార్లు వాయిదా పడింది కాబట్టి హెచ్చరికకు విలువ పోయింది. మే 10న దాడి జరిగింది.

ఈలోగా వాటికన్‌లోని బెల్జియం రాయబారి ఈ హెచ్చరికతో పంపిన తంతి బెర్లిన్‌కు దొరికిపోయింది. రోములో ద్రోహి ఎవడో తేల్చమని హుకుం వచ్చింది. కానరిస్ ఆ దర్యాప్తును ముల్లర్‌కే అప్పగించాడు! ఆ తెగువే ముల్లర్‌ను అప్పటికి కాపాడింది.

కాగితం మాత్రం కాపాడలేదు. సంధికి బ్రిటన్ పెట్టిన షరతులను లైబర్ వాటికన్ కాగితం మీదే రాసిచ్చి, చదివాక చించేయమన్నారు. శంకించే జనరల్స్‌కు రుజువు చూపాలని కుట్రదారులు దాన్ని దాచారు. బెర్లిన్ దగ్గరి జోసెన్‌లో దాచిన కాగితాలు 1944లో నాజీ రహస్య పోలీసులైన గెస్టపో చేతికి చిక్కాయి. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ శిబిరంలో కానరిస్‌ను, ఓస్టర్‌ను ఉరితీశారు. అదే శిబిరంలో ఉన్న ముల్లర్ బతికి బయటపడి, తర్వాత బవేరియా న్యాయశాఖ మంత్రి అయ్యాడు.