మానును మట్టిలో కలిపేదెవరు?



వానాకాలంలో దొడ్లో పడి ఉన్న పాత మొద్దును ఒకసారి పరిశీలించండి. తెల్లబారి, పీచు పీచుగా, చేత్తో నలిపితే పొడి అయ్యేంతగా చివికి ఉంటుంది. గొడ్డలికే తేలిగ్గా లొంగని కర్రను అంత మెత్తగా చేసిందెవరు? దీనికి పూర్తి జవాబు దొరకడానికి శాస్త్రజ్ఞులకు వందేళ్ళు పట్టింది.

కర్రలో సెల్యులోజ్ అనే నార ఉంటుంది. గోడలో ఇటుకలను సున్నం పట్టి ఉంచినట్లు ఆ నారను పట్టి ఉంచేది లిగ్నిన్. 1813లో ఆ పేరు పెట్టినవాడు స్విట్జర్లాండు వృక్షశాస్త్రజ్ఞుడు డి కాండోల్.

కర్ర కుళ్ళాకనే దానిమీద బూజు, పుట్టగొడుగులు పుడతాయని పూర్వం నమ్మేవారు. అది తలకిందుల మాట అనీ, ఈ శిలీంధ్రాలు పట్టడం వల్లనే కర్ర కుళ్ళుతుందనీ 1870లలో జర్మనీకి చెందిన రాబర్ట్ హార్టిగ్ నిరూపించాడు.

అయితే ఎలా కుళ్ళబెడతాయి? సాధారణంగా ఎంజైము ఒక తాళంచెవి వంటిది. ఒక తాళానికే సరిపోతుంది. లిగ్నిన్‌లోనేమో ఒక వరుస, క్రమం లేవు. ఏ తాళంచెవి పడుతుంది? 1983లో అమెరికాలోని మాడిసన్‌లో టియన్, కిర్క్ అనే ఇద్దరూ, అదే ఏడాది ఆరెగాన్‌లో గోల్డ్ బృందమూ ఒక శిలీంధ్రంలో లిగ్నిన్ పెరాక్సిడేజ్‌ను కనుగొన్నారు. ఇది తాళం తీయదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ సాయంతో లిగ్నిన్ నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగేస్తుంది. నిలకడ తప్పిన అణువు తనంతట తానే విరిగిపోతుంది. మరుసటి ఏడాది మాంగనీస్ పెరాక్సిడేజ్ సంగతి వెల్లడైంది. ఎంజైము దూరలేని సందుల్లోకి చిన్నవైన మాంగనీస్ అయాన్లు వెళ్ళి ఆ పని చేస్తాయి.

విచిత్రమేమిటంటే, శిలీంధ్రానికి కావలసిన ఆహారం లిగ్నిన్ కాదు. లోపల ఉన్న సెల్యులోజ్ కోసమే ఈ గోడ పగలగొడుతుంది.

ఈ ఎంజైములు సుమారు 30 కోట్ల ఏళ్ళ క్రితం పుట్టాయనీ, భూమిలో బొగ్గు ఏర్పడడం తగ్గడానికి అవి ఒక కారణం కావచ్చనీ 2012లో కొందరు ప్రతిపాదించారు. వాతావరణం, భూమి పొరల కదలికలే అసలు కారణమని 2016లో మరికొందరు కాదన్నారు. చర్చ ఎలా తేలినా, పడిపోయిన మాను మట్టిలో కలిసి మళ్ళీ మొక్కకు బలమవుతున్నది వీటి పుణ్యమే.

కనుక శ్రోతలారా, చేనిగట్టున చివికే మొద్దును, రాలిన కొమ్మలను చెత్త అని తగలబెట్టకండి. మంట పెడితే మిగిలేది గుప్పెడు బూడిద. వదిలేస్తే అది మీ నేలకు సత్తువ.