ట్రిపనోసోమా గుర్తింపు: కెనడా అనుభవం

ట్రిపనోసోమాలు వెన్నెముక ఉన్న జంతువుల రక్తంలో బతికే ఏకకణ పరాన్నజీవులు. ఒళ్లు సన్నగా, కొసలు మొనదేలి ఉంటాయి. పక్కన అలలాడే పల్చని పొర, దాన్ని అంటిపెట్టుకున్న కశాభం వీటిని ఈదిస్తాయి. ఒక జంతువు నుంచి మరో జంతువుకు వీటిని మోసేది ఎక్కువగా రక్తం పీల్చే జీవులే. ఆఫ్రికాలో సెట్సీ ఈగ, దక్షిణ అమెరికాలో ట్రయాటమిన్ నల్లి, మన పశువులకు జోరీగ, కొన్నిచోట్ల కప్పలకు ఇసుక ఈగ, నీళ్లలో జలగ ఆ పని చేస్తాయి. మనుషులకు ట్రిపనోసోమా జబ్బులను అంటించే కీటకాలేవీ కెనడాలో స్థిరపడలేదు. అయినా ఈ పరాన్నజీవులను పట్టుకునే విద్యలో ఆ దేశం వాటా చిన్నదేం కాదు.

వేల్స్‌లో పుట్టిన పశువైద్యుడు గ్రిఫిత్ ఎవాన్స్ బ్రిటిష్ సైన్యంతో మాంట్రియల్ వెళ్లి, కొలువు చేస్తూనే మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదివి 1864లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు. ఆ తర్వాత ఇండియాకు వచ్చాడు. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో సర్రా జబ్బుతో చిక్కి శల్యమవుతున్న గుర్రాల, ఒంటెల రక్తంలో మెలికలు తిరిగే జీవులు ఆయన కంటపడ్డాయి. క్షీరదాల్లో ట్రిపనోసోమా జబ్బు తెస్తుందని తెలియడం అదే మొదలు. పైఅధికారులు ఆ మాట తేలిగ్గా ఒప్పుకోలేదు. ఆ జీవికి ఇప్పుడున్న పేరు మాత్రం ఆయనదే: ట్రిపనోసోమా ఎవాన్సీ. మన పశువుల ఆసుపత్రుల్లో ఇప్పటికీ రక్తపు చుక్కలో వెతికేది దీన్నే.

ఆ వెతకడంలోనే చిక్కంతా ఉంది. తాజా రక్తాన్ని అద్దంపలక మీద పెట్టి చూస్తే ట్రిపనోసోమా ఎర్రకణాలను తోసుకుంటూ పోవడం కనిపిస్తుంది, కానీ రక్తంలో అవి దండిగా ఉన్నప్పుడే. పాతబడిన జబ్బులో చుక్కకు ఒకటైనా దొరకకపోవచ్చు. దీనికి విరుగుడు పాట్రిక్ వూ పద్ధతి. ఆయన 1969లో కెనడా జంతుశాస్త్ర పత్రికలో దాన్ని వివరించాడు. తర్వాత ఒంటారియోలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేశాడు. గడ్డకట్టని రక్తాన్ని సన్నటి గాజుగొట్టంలోకి తీసుకుని, ఒక కొస మూసి, సెంట్రిఫ్యూజ్‌లో కొన్ని నిమిషాలు తిప్పుతారు. ఎర్రకణాలు అడుక్కి దిగుతాయి, పైన ప్లాస్మా తేరుతుంది, నడుమ తెల్లకణాల పల్చటి పొర నిలుస్తుంది. ట్రిపనోసోమాలు చేరేది ఆ పొర దగ్గరే. గొట్టాన్ని పగలగొట్టకుండా అలాగే సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ అంచున అవి కదులుతూ కనిపిస్తాయి. ఖరీదైన రసాయనాల పని లేదు. అందుకే మారుమూల పశువుల శిబిరాల్లో కూడా ఇది నిలబడింది.

ఇసుక ఈగలో వెతకడం ఇంతకంటే ఓపిక పని. దోమకన్నా చిన్నదైన ఈ నూగు ఈగను దీపపు ఉచ్చుతోనో, ఆముదం పూసిన కాగితంతోనో పడతారు. సెలైన్ చుక్కలో పెట్టి, పొట్ట చివరి కణుపులను సూదితో మెల్లగా లాగితే పేగు బయటికి వస్తుంది. అందులో కదిలేదల్లా ట్రిపనోసోమా కాదు. కాలా అజార్ తెచ్చే లీష్మానియా కూడా అదే పేగులో, దాదాపు అదే ఆకారంలో ఉంటుంది. కేంద్రకానికి కైనెటోప్లాస్ట్ అనే డీఎన్‌ఏ ముద్ద ఎటువైపు, ఎంత దూరంలో ఉందో గీమ్సా రంగు వేసి చూడాలి. ఇప్పుడు పీసీఆర్‌తో 18ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ జన్యువు క్రమాన్ని చదివి జాతిని తేలుస్తున్నారు. ఈగ ఏ జంతువు రక్తం తాగిందో సైటోక్రోమ్ బి జన్యువు చెబుతుంది.

కాలిఫోర్నియాలో గోదురుకప్పల ట్రిపనోసోమాను ఇసుక ఈగ మోస్తుందని పరిశోధకులు ఆండర్సన్, అయాలా 1968లో ప్రకటించారు. అమెరికా ఖండాల్లో అలాంటి నివేదిక అదే మొదటిది. ఆ ఈగ జాతి లుట్జోమియా వెక్సేటర్. కెనడా పశ్చిమాన బ్రిటిష్ కొలంబియా, ఆల్బెర్టాల్లో కూడా ఇది ఉంది. కప్పలు, పాములు, బల్లుల వంటి చల్లని రక్తపు జీవుల మీదే ఎక్కువగా బతుకుతుంది కనుక మనుషులకు దీనితో పెద్ద బెడద లేదు. ఒంటారియోలోని ఆల్గాంక్విన్ పార్కులో కథ వేరు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన షెర్విన్ డెస్సర్, మార్టిన్‌తో కలిసి అక్కడి గోదురుకప్పల్లో ట్రిపనోసోమా ఫాలిసీని 1990లో వర్ణించాడు. దాని వాహకం ఈగ కాదు, జలగ. జలగలోనూ కప్పలోనూ అది ఎదిగే తీరును వాళ్లు దశలవారీగా గమనించారు. గోదురుకప్పలో ట్రిపనోసోమా దొరికింది కదా అని ఇసుక ఈగను అనుమానిస్తే ఇక్కడ పప్పులో కాలేసినట్టే. న్యూఫౌండ్లాండ్ తీరంలో కాడ్ చేపలకు ట్రిపనోసోమా మర్మనెన్సిస్‌ను మోసేది కూడా జలగే.

మనుషుల విషయంలో కెనడా జాగ్రత్త రక్తనిధుల దగ్గర మొదలైంది. మానిటోబాలో రక్తం ఎక్కించడం వల్ల చాగస్ జబ్బు సోకిన సంగతి 1989లో వైద్య పత్రికకెక్కింది. 2010 నుంచి కెనడియన్ బ్లడ్ సర్వీసెస్ లాటిన్ అమెరికాతో పుట్టుక, కుటుంబం, నివాసం ద్వారా సంబంధం ఉన్న దాతల రక్తంలో చాగస్ జబ్బు తెచ్చే ట్రిపనోసోమా క్రూజీకి ప్రతిరక్షకాలు ఉన్నాయేమో పరీక్షిస్తోంది.

మళ్లీ ఇసుక ఈగ దగ్గరికి వస్తే, ఈగలో పరాన్నజీవి డీఎన్‌ఏ దొరకగానే దాన్ని వాహకంగా రాసేయడం తొందరపాటు. అప్పుడే తాగిన రక్తంతో పాటు వచ్చిన పరాన్నజీవి డీఎన్‌ఏ కూడా పీసీఆర్‌లో అలాగే పలుకుతుంది. రక్తం అరిగిపోయాక కూడా పేగులో పరాన్నజీవి బతికి పెరగాలి, ఆపైన జబ్బులేని జంతువుకు చేరాలి. ఈ రెండూ చూపించాకే వాహకం అన్న మాట చెల్లుతుంది.