మృదంగమునకు స్వరమున్నదా?



నేఁటి నా ప్రసంగము నాదశాస్త్ర చరిత్రములోని యొక చిన్న ఘట్టమును గూర్చినది. దీనికి మూలము నేను బడిలోఁ జేసిన యొక పొరపాటు.

ఒకనాఁడు తరగతిలో ధ్వనిపాఠము చెప్పుచు, “తీఁగకును పిల్లనగ్రోవికిని స్వరము గలదు, తోలువాద్యములకు మోతయే కాని స్వరము లేదు” అంటిని. మృదంగములు బాగుచేయువాని కుమారుఁ డొకఁడు లేచి, “అయ్యవారూ, మా నాయన మృదంగాన్ని తంబురాకి శ్రుతి చేస్తాడండీ. స్వరం లేకపోతే అదెట్లా కుదురుతుందండీ?” అని యడిగెను. “పుస్తకములో నట్లు లేదు, కూర్చుండుము” అని వాని నోరు మూయించితిని.

ఆ ప్రశ్నకుఁ దగిన సమాధానము దొరకవలెనన్న, ముందు తీఁగ కథ తెలియవలెను. రెండు కొనల బిగించిన తీఁగను మీటినపుడు దానిమీఁదఁ బుట్టిన తరంగములు కొనలకుఁ బోయి, తిరిగి వచ్చి, ఒకదానితో నొకటి కలిసి స్థిరతరంగము లగును. తీఁగ మొత్తముగాఁ గదలుటయే కాక, అదే సమయమున 2 భాగములుగను, 3 భాగములుగను, 4 భాగములుగను గూడఁ గదలుచుండును. భాగమునకును భాగమునకును నడుమ కదలని తావు లుండును. వీనిని అస్పందస్థానము లందురు. మూలస్వరమునకు సెకనుకు 100 కంపనము లైనచో, అనుస్వరములకు 200, 300, 400 ఈ వరుసను నుండును. ఈ పూర్ణసంఖ్యల పొత్తువలననే అవి యన్నియు మన చెవికి నొక్క స్వరముగాఁ దోఁచును.

ఒక్క తీఁగలోఁ బెక్కు స్వరములు వినవచ్చుచున్నవని ఫ్రాన్సు దేశపు మెర్సెన్ 1636లోఁ బ్రకటించిన గ్రంథమున వ్రాసెను. కారణము మాత్ర మాతనికిఁ దేలలేదు. ఆక్స్‌ఫర్డులో నోబుల్, పిగట్ అను నిరువురు తీఁగపైఁ గాగితపు ముక్కలు నిలిపి చేసిన పరీక్ష 1677లో వెల్లడి యయ్యెను. అస్పందస్థానముననున్న ముక్క కదలదు, తక్కినవి యెగిరిపడును. 1701లో పారిస్ నగరమున సోవూర్ ఈ విషయమును శాస్త్రముగాఁ గూర్చెను. వింత యేమనఁగా, అతనికి వినికిడియు మాటయు లోపములే. సంగీతజ్ఞుల చెవుల నాశ్రయించి యాతఁడు నాదశాస్త్రమునకుఁ బునాది వేసెను.

ఇఁక తోలు సంగతి. అంతటను సమానమైన మందముగల గుండ్రని తోలును బిగించి కొట్టినపుడు, మూలకంపనము 1 అయినచో, తరువాతివి 1.59, 2.14, 2.30 ఇట్లుండును. వీనిలోఁ బూర్ణసంఖ్యల పొత్తు లేదు. అందుచేత స్వరము తేటపడక మోత మిగులును. నా పాఠపుస్తకము చెప్పినది యీ తోలు మాటయే.

మృదంగపు కుడిమూఁత ఇట్టిది కాదు. దాని నడుమ నల్లని పూఁత యుండును. ఇనుపరాతి పొడిని అన్నముతోఁ గలిపి నూరి, పలుచని పొరలుగాఁ బూసి, ఒక్కొక్క పొరను నున్నని రాతితో రుద్దుచు దాని నెక్కింతురు. నడుమ బరువు హెచ్చి, అంచువైపునకుఁ దగ్గుచు వచ్చును.

ఈ పూఁత మర్మమును వెల్లడించినవాఁడు చంద్రశేఖర వేంకట రామన్. ఆయన బాల్యము మన విశాఖపట్టణమునఁ గడచెను. తండ్రి యచ్చటి కళాశాలలో నుపాధ్యాయుఁడు. 1920లో కలకత్తానుండి శివకాళీ కుమార్‌తోఁ గూడి రామన్ ఈ విషయమును ‘నేచర్’ పత్రికలోఁ బ్రకటించెను. 1934లో బెంగుళూరునుండి విపులముగా వ్రాసెను. మూఁతపై సన్నని యిసుక చల్లి వాయింపఁగా, కదలని గీతలయందు ఇసుక చేరి నిలిచెను. దానివలనఁ దేలిన దేమనఁగా, విడివిడిగా నుండవలసిన 9 విధముల కంపనములు 5 గుంపులుగాఁ జేరి, 1, 2, 3, 4, 5 అను వరుసను గైకొనుచున్నవి. తీఁగకుఁ గల ధర్మము నడుమనున్న బరువుచేతఁ దోలునకును సిద్ధించినది. వాదకుఁడు ఉంగరపు వ్రేలిని మూఁతపైఁ దేలికగా నానించి, చూపుడు వ్రేలితో అంచును గొట్టునపుడు, ఆ యానించిన తావు అస్పందరేఖపై నుండును. మూలస్వర మడఁగి, రెండవ స్వరము పైకి వచ్చును. గణితము నెఱుఁగకయే యాతని వ్రేలు ఆ గీతను గనుఁగొన్నది.

భరతుని నాట్యశాస్త్రములోనే చర్మవాద్యములకు మన్ను పూసి శ్రుతి కూర్చు విధానము చెప్పఁబడినది. మన్నునుండి నేఁటి పూఁతవఱకుఁ దీసికొని వచ్చిన పనివారి పేళ్లు మాత్ర మే గ్రంథమునను లేవు. వారు పూసిరి, వినిరి, గీఁకిరి, మరలఁ బూసిరి. తండ్రి చెవినుండి కొడుకు చెవికి ఆ విద్య దిగినది. రామన్ గొప్పతన మేమనఁగా, ఆ చేతిపనిని దక్కువగాఁ జూడక, దానియందు శాస్త్రమున్నదని నమ్మి పరీక్షించుట.

ఆ వ్యాసపు సంగతి నేను జదువునాఁటికి ఆ బాలుఁడు బడి విడిచి యెన్నియో యేఁడులైనది. వాఁ డిపు డెచ్చట నున్నాఁడో యెఱుఁగను. ఈ మాట లెచ్చటనైన వాని చెవిఁ బడినచో నా మనవి యొక్కటి: నాయనా, నాఁడు నీవు చెప్పినదే నిజము. మృదంగమునకు స్వరమున్నది. మీ నాయన చెవి నా పుస్తకముకంటె ముందున్నది.